అక్కకు సరిపడే ఓడ

నేను ఏ వస్తువునూ మొదటి అంగట్లో కొన్న మనిషిని కాను. కుక్కర్ కొనాలన్నా కర్నూలు పాతబస్తీ మొదలుకొని కొత్త బస్టాండు దాకా అన్ని అంగళ్ళూ ఎక్కి దిగి, మూతలు పెట్టి తీసి, వాసన కూడా చూసి, చివరికి మొదటి అంగడికే తిరిగొచ్చి కొంటాను. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ తోటివాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు, "ఈమె సూది కూడా రెండు చేతుల్లో రెండు పట్టుకుని పోల్చి చూసుకుని గానీ పొడవదు" అని. పెళ్ళి సంబంధాలు కూడా అట్లాగే పోల్చి పోల్చి, ఏదీ తీసుకోకుండానే అరవై దాటించాను. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. ఇప్పుడు చెప్పేది ఓడల సంగతి. మా అక్కను ఓడెక్కిస్తానని మాటిచ్చి, ఆమెకు ఏ ఓడ సరిపోతుందో తేల్చడానికి మూడు ఓడలను పోల్చి చూశాను. ఆ పోలికలు తలుచుకుంటే ఈ రోజుకీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

రిటైరయిన ఏడాది ఎండాకాలంలో బనగానపల్లె దగ్గర మా సొంతూరికి, అక్కావాళ్ళింటికి పోయాను. అక్క నాకన్నా చాలా పెద్దది. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకన మోసింది, గంజి తాగించింది, తల దువ్వి బడికి పంపింది అక్కే. తను మాత్రం బడి ముఖం చూడలేదు. ఇప్పుడు అక్కా బావా ఉన్న కొద్దిపాటి మామిడితోట చూసుకుంటారు. ఆ పొద్దు కోసిన కాయలను కొట్టంలో గడ్డి మీద పరిచి, మచ్చలున్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు వేరు చేస్తున్నాం. సహాయానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చారు. నేను చేసే సాయం ఎంతలే, సగంసేపు ఫోనే చూస్తున్నాను. ఆస్పత్రి స్నేహితురాళ్ళు ఎవరో ఓడెక్కి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కమ్మీలు పట్టుకుని ఫోటోలు దిగి గ్రూపులో పెట్టారు. అక్క నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అదేం మిద్దె మే, నీళ్ళ మధ్యన కట్టినారు?"

"మిద్దె కాదక్కా, ఓడ. క్రూజు అంటారు. సముద్రంలో తిప్పి మళ్ళీ తెచ్చి దించుతారు."

"యాడికి పోతాది?"

"యాడికీ పోదు. ఊరికే తిరిగొస్తాది."

"యాడికీ పోనిదానికి అంత పెద్ద ఓడ యాల?" అని అక్క నవ్వింది. నవ్వి మళ్ళీ ఫోను వైపే చూసింది. "సముద్రం నేను చూడనే ల్యా పాపా," అంది మెల్లగా.

ఆ రోజు ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు రాలేదు. బిందెలన్నీ వాకిట్లో బోర్లించి ఉన్నాయి. చేతిలో ఆ బొమ్మ, ఎదురుగా ఆ బిందెలు చూసేసరికి నాకు ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. "నిన్ను నేను తీస్కపోతా, ఓడెక్కిస్తా" అనేశాను, అందరి ముందరా. ఆడవాళ్ళు చేతులాపి చూశారు. అక్క మాత్రం ఆ తరవాత మచ్చలున్న కాయలను కూడా మంచి కాయల పక్కకే వేయడం మొదలుపెట్టింది. నేను మాటిచ్చింది మనస్ఫూర్తిగానే. కాకపోతే అప్పటికి అక్కను ఓడ మీద ఊహించుకోలేదు. కర్నూలు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఊహించుకున్నాను. ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

మా అక్క తోటకు ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన కోతులు చెట్టు దిగుతాయి, అట్లాంటి గొంతు. వక్కాకు నమిలి నమిలి పళ్ళు ఎర్రబారిపోయాయి. నున్నటి నేల ఎక్కడ కనపడినా చెప్పులు విడిచి చేత పట్టుకుంటుంది. కంచం ముందు కూర్చుంటే చెంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేస్తుంది. అది మా ఇళ్ళల్లో అందరికీ ఉన్న అలవాటే. కానీ అక్క ప్రార్థన వానలు, మామిడిపూత, బావ మోకాళ్ళు, పక్కింటి ఎనుము ఈత దాకా పోయి గానీ ఆగదు. ఈలోగా సంగటి చల్లారిపోతుంది. కొత్త మనిషి కనపడితే "మీది ఏవూరు? పిల్లోళ్ళెంతమంది?" అని అడగందే వదలదు. పైగా తల నెరిసిన నన్ను నలుగురిలో 'పాపా' అని పిలుస్తుంది.

ఊళ్ళో ఉన్నప్పుడు ఇవేవీ నాకు తప్పుగా కనపడలేదు. ఆ నల్ల కళ్ళద్దాలవాళ్ళ మధ్యన పెట్టి చూసేసరికి ఒక్కొక్కటీ ముల్లై గుచ్చుకుంది. మాట తప్పకూడదు, అక్కను తీసుకుపోవాలి. అక్కతో నలుగురికీ కనపడాలంటే మాత్రం నామోషీ. ఆ నామోషీ సంగతి అక్కకు తెలిస్తే నేను బతికుండి ఏం లాభం? తెలియకుండా చూసుకోవాలి. ఆ తరవాత నేను పడిన తిప్పలన్నీ దీనికోసమే.

కర్నూలు కొత్త బస్టాండు దగ్గర ఒక ట్రావెల్సు ఆఫీసుకు పోయాను. గోడల నిండా యాత్రల బొమ్మలు: కాశీ, షిర్డీ, మక్కా, యెరూషలేము. ఓడ బొమ్మ ఒక్కటి ఫ్యాను పక్కన కొత్తగా అంటించి ఉంది, గాలికి ఒక మూల రెపరెపలాడుతోంది. యజమాని నడివయసు మనిషి, నా ప్రశ్నలు తట్టుకోగలిగినంత ఓపిక ఉన్నవాడు.

"ఓడకా మేడమ్? మన దిక్కు శానామంది అడగరు. కూర్చోండి" అని కుర్చీ దులిపాడు.

మూడు ఓడలున్నాయన్నాడు. మొదటిది చెన్నైలో ఎక్కేది. సముద్రంలోకి పోయి, తిరిగి చెన్నైకే వస్తుంది, ఆధార్ కార్డు చాలు. అంతా మన దేశపు జనమే, పిల్లాజెల్లా. భోజనాలకు పెద్ద హాలు, పెద్ద పెద్ద బల్లలు, ఎవరి పక్కన ఎవరొచ్చి కూర్చుంటారో తెలియదు. సాయంత్రమయితే పైన పాటలు, డాన్సులు. "పెండ్లి ఇల్లు అనుకోండి మేడమ్" అన్నాడు.

రెండోది సింగపూరులో ఎక్కేది. విదేశాలవాళ్ళు ఎక్కువ. ఒక పూట భోజనానికి మగవాళ్ళు సూట్లు, ఆడవాళ్ళు గౌన్లు వేసుకుని రావాలట. కంచానికి అటూ ఇటూ చెంచాలు, ముళ్ళ చెంచాలు, కత్తులు వరసగా పెట్టి ఉంటాయట. బయటి వైపు నుంచి ఒక్కొక్కటే వాడుకుంటూ లోపలికి రావాలట. వింటుంటేనే నాకు చెమట పట్టింది. అక్క ఆ కత్తి తీసుకుని ఆకు మీద సున్నం రాసుకుంటుందని నాకు ఖాయంగా తెలుసు.

మూడోది కొచ్చిలో ఎక్కేది. చిన్న ఓడ, దీవుల వైపు పోతుంది. జనం తక్కువ. ఆటాపాటా ఏమీ ఉండవు. ఎవరి గది వాళ్ళది, చెప్తే భోజనం గదికే తెచ్చిపెడతారు.

నేను అడగవలసినవన్నీ అడిగాను. లోపలి గదికీ, కిటికీ గదికీ, బాల్కనీ గదికీ తేడా ఎంత, ఓడ ఏ భాగంలో ఎక్కువ ఊగుతుంది, డాక్టరు ఉంటాడా, లిఫ్టు ఉందా, పెరుగు దొరుకుతుందా. ఇవి ఎవరైనా అడిగే మంచి ప్రశ్నలే. వీటి మధ్యలో కలిపేసి నా అసలు ప్రశ్నలు కూడా అడిగాను. భోజనాల హాలు ఏ వేళకు ఖాళీగా ఉంటుంది? అందరికన్నా ముందే పోయి తినిరావచ్చా? మూలన ఇద్దరికే సరిపోయే బల్ల ఇస్తారా?

"సారుతో పోతారా మేడమ్?"

"కాదు. ఒక పెద్దామెతో." అక్క అన్న మాట నోట రాలేదు.

"బాగలేని మనిషా?"

"ఆఁ, కొంచెం" అన్నాను. మా అక్క ఈ వయసులోనూ నిండు గంప తానే ఎత్తి నెత్తిన పెట్టుకునే మనిషి.

"అట్లయితే మూడోదే మీకు కరెక్టు. ఆడ ఎవురూ ఎవుర్నీ చూడరు" అన్నాడు ఆయన. ఆ మాట విని నా ప్రాణం కుదుటపడింది. మనసులో మూడో ఓడను ఖాయం చేసుకుని లేచాను. పోయేముందు ఆయన ఒక గుడ్డసంచి చేతిలో పెట్టాడు. నా పేరు రాసుకుంటూ క్రైస్తవులమని కనిపెట్టాడేమో, యెరూషలేము బొమ్మ ఉన్న సంచి వెతికి మరీ ఇచ్చాడు.

కొన్నాళ్ళకు అక్క కళ్ళు చూపించుకోవడానికి కర్నూలు వచ్చింది. ఆ గుడ్డసంచి ఆమెకు నచ్చింది, తీసేసుకుంది. మూడు ఓడల బొమ్మలూ ఫోనులో చూపించాను. కిటికీ గది అంటే ఇది, బాల్కనీ అంటే ఇది అని పాఠం చెప్పినట్టు చెప్పాను. అంతా విని అక్క ఒకే ఒక్క మాట అడిగింది.

"జనం దేంట్లో ఎక్కువ ఉంటారు?"

"మొదటిదాంట్లో. కానీ శానా గోలక్కా."

"గోల ఉంటే ఉండనీ. జనం ల్యాకపోతే ఆ నీళ్ళల్లో ఏం చేస్తాం, దిక్కులు చూస్తా కూర్చుంటామా? తోటలో నేను చూసేది దిక్కులే కదా."

"మూడోది ప్రశాంతంగా ఉంటాది. నీ మోకాళ్ళకు కూడా మంచిది."

"నా మోకాళ్ళకు ఏమొచ్చె? నొచ్చేది మీ బావవి కదా" అంది అక్క. నేను మాట మార్చి, బయట భోజనానికి పోదాం పదమన్నాను.

ఆ భోజనం కూడా ఊరికే కాదు. ఒకవేళ ఓడలో హాలుకు పోకతప్పకపోతే ఎట్లా తినాలో అక్కకు ముందే అలవాటు చేద్దామని నా ఎత్తు. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకునే పెద్ద హోటలు ఒకటి చూసుకుని తీసుకుపోయాను. అక్క గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి చేత పట్టుకుంది. కంచంలో అన్నం పడగానే చెంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను పచ్చడి తెచ్చుకునే నెపంతో బల్ల దగ్గర్నుంచి లేచిపోయాను. దూరం నుంచి చూస్తే పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎనుము దాకా ఇంకా రాలేదనుకున్నాను.

కాసేపటికి అక్క కంచంతో గిన్నెల దగ్గరికి వచ్చి, నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. కోడిముక్కలు, రెండు చపాతీలు ఏరి అందులో వేస్తోంది, ఊళ్ళో ఉన్న బావ కోసం. అక్కడ మిగిలింది పారేస్తారని ఎవరో చెప్పారట. పారేసే తిండి మొగుడికి తీసుకుపోతే తప్పేముందని ఆమె లెక్క. హోటలు మనిషి ఒకాయన గబగబా నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఆమె మీతో వచ్చినారా? బయటికి తీస్కపోకూడదు."

చుట్టూ బల్లలవాళ్ళు చూస్తున్నారు. "మా ఊరామె లేప్పా. తెలీదు పాపం. నేను చెప్తాలే" అన్నాను.

మాట జారాక అక్క వైపు చూశాను. మరీ దూరంలో లేదు. నాకు వీపు పెట్టి, పెరుగు గిన్నె దగ్గర నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియలేదు. ఎవరూ చెప్పకముందే కవరు విప్పి, ముక్కలు కంచంలో తిరిగి పెట్టుకుంది. ఆటోలో వస్తున్నప్పుడు ఎండ గురించి రెండు మాటలు మాట్లాడి ఊరుకుంది. ఆ రాత్రి నా ఇంట్లోనే పడుకుని, పొద్దున్నే బస్సెక్కి పోయింది. నన్ను చంకన మోసిన మనిషిని ఊరామె అన్నాను. ఎవరి ముందు? మళ్ళీ జన్మలో కనపడని ఒక హోటలు మనిషి ముందు. విందా, వినలేదా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

టికెట్లకు అక్క ఆధార్ కార్డు కావాలని ఒక ఆదివారం మళ్ళీ ఊరికి పోయాను. గుడి గంట కొడుతున్నారు, అక్క తెల్లచీర కట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. ఆమెతోపాటు నేనూ పోయి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. మా తాతల నాటి రాతి చర్చి అది, మేమంతా గుడి అనే అంటాం. ప్రసంగం అయిపోయింది, కానుక పట్టారు. అప్పుడు పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మన సంఘానికి ఈ ఏడు గొప్ప భాగ్యం కలిగినాది. మన ఊరి నుంచి మొట్టమొదటిసారి ఇద్దరు అక్కచెల్లెండ్లు సముద్రం దాటి పరిశుద్ధ దేశానికి యాత్ర పోతాండారు. ఇద్దరూ ఈడనే ఉండారు."

తలలన్నీ మా వైపు తిరిగాయి. నాకు ముందు అర్థం కాలేదు. పక్కకు చూస్తే అక్క గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది. ఆమె ఒళ్ళో ఆ గుడ్డసంచి, దాని మీద యెరూషలేము బొమ్మ. అప్పటికి తెలిసింది. కిందటి ఆదివారం అక్క ఆ సంచితో గుడికి వచ్చి ఉంటుంది. ఓడ ప్రయాణమని ఊరంతా అప్పటికే విన్నారు. మావాళ్ళల్లో సరదా కోసం సముద్రం ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు. ఓడంటే, ఆ సంచంటే, యాత్ర కాక ఇంకేముంటుంది? అందరూ అదే అనుకున్నారు. అక్క కాదనలేదు.

మమ్మల్ని ముందుకు పిలిచి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. పెద్దలు తలమీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. బరువైన, కాయలు కాచిన చేతులు. వాటి కింద నేను డెక్కు మీద డాన్సులు, వడ్డించుకునే భోజనాలు తలుచుకుంటూ వంగి కూర్చున్నాను. బయటికి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. యొర్దాను నది నీళ్ళు తెమ్మని ఒక్కొక్కరూ ఒక్కొక్క సీసా ఇచ్చారు. కొబ్బరినూనె సీసాలు, టానిక్కు సీసాలు, అన్నీ తోమి ఎండబెట్టినవి. ఒక ముసలామె దగ్గుమందు సీసా నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, "ఒగ గుక్కెడు చాలమ్మా. మీరు పోతే నేనూ పోయినట్టే" అంది. ఆమె ముఖం చూడలేక సీసా వైపు చూస్తూ తల ఊపాను.

ఇంటికి రాగానే తలుపేసి అక్క మీద పడ్డాను. కోపం వస్తే నాకు ముందూవెనకా తెలియదు.

"అబద్ధం యాల చెప్పినావు, గుళ్ళో?"

"నేను యాడ చెప్పినా? వాళ్ళే అనుకున్న్యారు. నేను కాదనల్యా, అంతే."

"కాదనకపోయేది కూడా అబద్ధమే."

"మరి ఏం చెప్పమంటావు?" అక్క గొంతు లేచింది. "ఈ ఏడు సగం పూత రాలిపోయి ఊరంతా మొత్తుకుంటాండారు. తాగేదానికి నీళ్ళు ల్యావు. మా పాప నన్ను డాన్సులాడే ఓడలో షికారుకు తీస్కపోతాండాదని చెప్పమంటావా? నాకు నామోషీ కాదా? నామోషీ అంటే నీకేం తెలుస్తాది, టౌనులో ఉండేదానివి!"

అన్నాళ్ళూ నేను దాచుకుంటున్న మాటే అక్క నోట్లోంచి ఊడిపడింది. ఆమె నామోషీ ఊరి ముందు. నాది ఆమె వల్లనే. రెండూ ఒకటి కావు. నేను మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి పోయాను.

సాయంత్రం గుళ్ళో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉంది. అక్క ఆ సీసాలన్నీ గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరింది. ఏం చేయబోతోందో తెలియక వెంట పోయి, వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాట అయిపోయాక అక్క లేచింది. సంచి ముందు పెట్టింది.

"ఎవురి సీసాలు వాళ్ళు తీస్కోండమ్మా. మేం యాత్రకు పోవడం ల్యా. ఓడెక్కి ఊరికే తిరిగేదానికి పోతాండాం. సముద్రం చూడల్లని నాకు ఆశ. మా పాప తీస్కపోతాండాది. మీరు ఇంగొగటి అనుకుంటే, నేను నామోషీ పడి గమ్మునుంటి. నాది తప్పే."

దగ్గుమందు సీసా ముసలామె మెల్లగా లేచి వచ్చింది. సంచిలో తన సీసా వెతుక్కుంది, తీసి చూసుకుంది, మళ్ళీ అందులోనే వేసింది.

"సముద్రం నీళ్ళే త్యా మే. కాళ్ళవాపుకు ఉప్పునీళ్ళు మంచివంట."

గుడంతా ఘొల్లున నవ్వింది. "డాన్సు నువ్వు కూడా ఆడతావా?" అని ఇంకొకామె అడిగితే, "ఆడితే ఏం, నాకు కాళ్ళు ల్యావా?" అంది అక్క. ఒక్కరు కూడా సీసా వెనక్కి తీసుకోలేదు. చివర్లో మళ్ళీ ప్రార్థన చేశారు, ఈసారి ఓడ మునగకుండా. నాకు నవ్వు రాలేదు. చచ్చేదాకా ఎవరి మధ్య బతకాలో వాళ్ళందరి ముందూ అక్క ఒక్క పూటలో తన సిగ్గు విప్పి పెట్టేసింది. నేనేమో, ఓడ దిగితే మళ్ళీ కనపడనివాళ్ళ కోసం అక్కను గదిలో పెట్టి తాళం వేసే ఓడ వెతుకుతున్నాను.

మరునాడు ట్రావెల్సు ఆఫీసుకు ఫోను చేశాను. మొదటి ఓడే కావాలన్నాను, చెన్నైది.

"ప్రశాంతంగా ఉండేది అడిగితిరి కదా మేడమ్? ఇది శానా గోల."

"మా అక్కకు జనం కావాలంట."

"ఎవురు, ఆ బాగలేని మనిషా?"

"ఆమెకు ఏ జబ్బూ లేదు" అన్నాను. అంతవరకు చెప్పగలిగాను. 'ఊరామె' అన్న సంగతి మాత్రం అక్కతో చెప్పలేకపోయాను. వినని మాట చెప్పి ఎందుకు నొప్పించడం అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం నాకు బాగా చేతనవును.

చెన్నై రేవులో ఓడను చూసి అక్క మెడ వెనక్కి వంచి అట్లాగే నిలబడిపోయింది. లోపల తివాచీ కనపడగానే చెప్పులు చేతిలోకి వచ్చాయి. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, అదీ కష్టంమీద. భూమి కనపడకుండా పోయాక ఇద్దరం పైకి పోయాం. ఎటు చూసినా నీళ్ళే. అక్క కమ్మీ పట్టుకుని వంగి చూసింది. నీళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళ మధ్యన ఉండి, ఒగ సీసా ముంచుకునేదానికి దారి ల్యా సూడు" అంది. కోపంగానే అంది. దిగినాక బీచికి పోయి నింపుకుందామని చెప్పాను. ఆ తరవాత కమ్మీ వదలకుండా సముద్రాన్నే చూస్తూ ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి.

రాత్రి భోజనానికి హాలుకు పోయాం. పెద్ద గుండ్రటి బల్ల, చుట్టూ కొత్త ముఖాలు. ఒకరిది పూణే, ఒకరిది బెంగుళూరు. ఎవరికీ తెలుగు రాదు. అక్క అందరికీ దణ్ణం పెట్టి, నా పక్కన కూర్చుంది. ఎదురుగా పొట్టి జుట్టు ఆమె అక్క ఎర్రపళ్ళ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, నవ్వుతూ ఇంగ్లీషులో అడిగింది, "ఈమె మీకు ఏమవుతారు?" అని.

నేను నోరు తెరిచేలోగా అక్క చెంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుని, పైకే మొదలుపెట్టింది. చెంచాల చప్పుడు ఆగిపోయింది. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ నేను దేనికి భయపడ్డానో సరిగ్గా అదే జరుగుతోంది. తల వంచుకున్నాను, భక్తితో కాదు. ప్రార్థన వానల దగ్గరికి పోయింది. బావ మోకాళ్ళు, పూత, ఎనుము అయిపోయాయి. ఓడ తోలే ఆయన్ను కాపాడమని అడిగింది. ఇంక ఆమెన్ అంటుందనుకున్నాను. అక్క గొంతు తగ్గింది.

"నాయనా, మా పాపకు నేనంటే శానా ప్రేమ. కానీ నలుగుర్లో నాతో దానికి నామోషీ. ఆ పొద్దు హోటల్లో నన్ను ఊరామె అనింది. అంటే అననీ, ఈడ కూడా మళ్ళా అనినా నాకేం ల్యా. కానీ ఆ మాట అనేసి, తెల్లవార్లూ నిద్రపోక దొర్లింది తండ్రీ, పక్కనే పండుకోని నేను విన్న్యా. దానికి అంత కష్టం పెట్టొద్దు. ఆమెన్."

బల్ల చుట్టూ ఒకరిద్దరు మర్యాదకు ఆమెన్ అన్నారు. ఆ బల్ల దగ్గర ఆ మాటలు అర్థమయింది నాకు ఒక్కదానికే. పొట్టి జుట్టు ఆమె ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది.

"మా అక్క" అన్నాను. తెలుగులోనే వచ్చింది. ఆమెకు అర్థం కాలేదు.

"మా అక్క! నన్ను ఎత్తుకుని పెంచింది! మా అక్క!" అన్నాను మళ్ళీ. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. గొంతు తోటలో పిలిచినంత పైకి లేచిపోయింది. పక్క బల్లలవాళ్ళు కూడా తినడం ఆపి వెనక్కి తిరిగారు.

అక్క చెంగు దించుకుని, బల్ల కింద నా చెయ్యి గిల్లింది.

"మెల్లగా మాట్లాడు పాపా" అంది గుసగుసగా. "అందురూ చూస్తాండారు. నామోషీ కాదా?"